బదనికను గుర్తించిన వైద్యుడు

ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం పోయే త్రోవలో, ఊళ్ళు పలుచబడి అడవి దగ్గరపడే చోట, ఇప్పచెట్ల మీదను, ముసలి మామిడి కొమ్మల మీదను అప్పుడప్పుడు ఒక చిత్రమైన మొక్క కనిపిస్తుంది. దాని ఆకులు తోలుపట్టీల వలె దళసరిగా, రెండు వరుసలుగా పేర్చినట్లు ఉంటవి. ఆకు కొనలు ఎవరో కొరికి విడిచినట్లు ఎగుడుదిగుడుగా ఉంటవి. వేళ్ళు మట్టిని ఎరుగవు. కొన్ని కొమ్మ బెరడును కరచి పట్టుకొంటవి. కొన్ని ఉత్తగాలిలో వ్రేలాడుతుంటవి. ఏడాదిలో ఎక్కువ కాలం దానిని ఎవరూ కన్నెత్తి చూడరు. వేసవి ముదిరి తొలకరి సమీపించే దినాలలో మాత్రం అది పూస్తుంది. పసుపు, గోధుమ వన్నెలు కలిసిన రేకుల మీద గళ్ళు గీచినట్లు సన్నని గీతలు, నడుమ ఊదారంగు పెదవి, దగ్గరకు పోతే మంచి సువాసన. అప్పుడు దారిన పోయేవాడు ఒక నిమిషం ఆగుతాడు.

మన పల్లెలలో దీనిని బదనిక అంటారు. సంస్కృతంలో వందాకమన్నారు. చెట్టు మీద మొలిచే ప్రతి మొక్కనూ మనవారు ఈ ఒక్క మాటతోనే వ్యవహరించినారు. మామిడి మీద ఉన్నది మామిడి బదనిక, ఇప్ప మీద ఉన్నది ఇప్ప బదనిక. ఐతే ఈ పేరు క్రింద రెండు వేరు వేరు జీవితాలు దాగి ఉన్నవి. ఒక బదనిక చెట్టు కొమ్మలోనికి తన వేరును గుచ్చి, చెట్టు సారాన్ని పీల్చి బ్రతుకుతుంది. రెండవది చెట్టు మీద కూర్చుంటుందే కాని చెట్టును తినదు. వాన నీటితోను, మంచుతోను, బెరడు పగుళ్ళలో చేరిన ఆకు పొడితోను, ధూళితోను అది తన బ్రతుకు తాను వెళ్ళబుచ్చుకొంటుంది. గళ్ళపూల బదనిక ఈ రెండవ జాతిది. ప్రపంచమంతటా ఆర్కిడ్లని పేరొందిన కుటుంబానికి చెందినది.

ఈ భేదం తెలియక నేనొక మొక్కను చంపినాను. కొన్నేండ్ల క్రిందట గాలివానకు విరిగిపడిన మామిడికొమ్మ మీది బదనికను మా విద్యార్థి ఒకడు తెచ్చి ఇచ్చినాడు. కుండీలో మెత్తని మట్టి, మాగిన పశువుల ఎరువు వేసి, వేళ్ళు కనబడకుండ కప్పి, ఉదయం సాయంకాలం నీళ్ళు పోసినాను. నెల తిరగకముందే వేళ్ళు నల్లబడి, ఆకుల మొదళ్ళు మెత్తబడి, మొక్క కుళ్ళిపోయినది. నేను చేసిన లోపమేమో తెలిసికొనవలెనని పుస్తకాలు తిరగవేస్తుండగా, ఈ మొక్కను శాస్త్రలోకానికి పరిచయం చేసినవాడు మన గోదావరి మండలంలోనే పన్నెండేండ్లు కాపురమున్న వైద్యుడని తెలిసినది. ఆయన విలియం రాక్స్‌బర్గ్. వృక్షశాస్త్రం చదివే విద్యార్థులకు ఆ పేరు మొక్కల పేర్ల చివర కనిపించే పొడి అక్షరాలు మాత్రమే. ఆ అక్షరాల వెనుక ఉన్న మనిషి కథ తెలుగు ఉపాధ్యాయులు, విద్యార్థులు తెలిసికొనదగినది.

రాక్స్‌బర్గ్ 1751లో స్కాట్లండు దేశంలోని ఎయిర్‌షైరు ప్రాంతంలో జన్మించినాడు. ఎడింబరో విశ్వవిద్యాలయంలో వైద్యం చదువుకొన్నాడు. ఆ కాలంలో మందులన్నీ ప్రధానంగా మొక్కలనుండియే వచ్చేవి గనుక వైద్య విద్యార్థికి వృక్షశాస్త్రం తప్పనిసరి. అక్కడ జాన్ హోప్ అనే ఆచార్యుడు మొక్కలను పుస్తకంలో కాక తోటలో చూపి పాఠం చెప్పేవాడు. మొక్కను ముందు కళ్ళతో చూడవలెను, పేరు తరువాత పెట్టవలెను అనే అలవాటు రాక్స్‌బర్గ్‌కు ఆ తోటలో పట్టుబడినది. ఒక మంచి గురువు చేసిన పని ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఇది చాలును. ఎడింబరో తోటలో వేసిన విత్తనం సామర్లకోటలో మొలకెత్తినది.

చదువు ముగిసిన తరువాత ఆయన ఈస్టిండియా కంపెనీ ఓడలలో వైద్య సహాయకుడుగా పనిచేసి, 1776లో చెన్నపట్నం చేరి, అక్కడి ఆసుపత్రిలో సహాయ వైద్యుడైనాడు. వచ్చిన తొలి సంవత్సరాలలోనే వేడిమి, గాలి ఒత్తిడి, వర్షం మొదలైనవి క్రమం తప్పక కొలిచి వ్రాసి పెట్టినాడు. ఆ లెక్కలు లండనులోని రాయల్ సొసైటీ పత్రికలో అచ్చయినవి. తిరిగి చూడకుండ, విసుగు చెందకుండ, దినదినం ఒకే పనిని చేయగల ఓర్పు ఆయన స్వభావంలో ఉన్నదని దీనివలన తెలుస్తున్నది. మొక్కలతో పని చేసేవానికి కావలసిన మొదటి గుణం అదే.

1781లో ఆయనను సర్కారు జిల్లాలకు పంపినారు. కాకినాడకు చేరువలోని సామర్లకోటలో అప్పుడు కంపెనీ సేనలుండేవి. సైనికులకు వైద్యం చేయుట ఆయన ఉద్యోగం. మొక్కలను పరిశీలించుట ఆయన వ్యసనం. సామర్లకోటలో ఒక తోట వేసినాడు. గోదావరి మండలపు కొండలలో సహజంగా పెరిగే మిరియపు తీగను తెచ్చి నాటినాడు. నీలి, చెరకు, కాఫీ, పట్టుపురుగులకు ఆహారమైన మల్బరీ, ఇంకా ఎన్నిటినో సాగు చేసి చూచినాడు. అంకుడు చెట్టు ఆకునుండి నీలిరంగు తీసే విధానాన్ని పరీక్షించినాడు. పెద్దాపురం ప్రాంతపు రైతులు చెరకు పండించే పద్ధతిని వివరంగా వ్రాసినాడు.

ఇక్కడ ఒక నిజాన్ని దాచకుండ చెప్పవలెను. ఈ ప్రయత్నాలన్నిటి వెనుక కంపెనీ లాభం ఉన్నది. ఏ మొక్క ఏ వర్తకానికి పనికివచ్చునో తెలిసికొనుట కోసమే కంపెనీ ఆయన ప్రయోగాలకు డబ్బు ఇచ్చినది. రాక్స్‌బర్గ్ కూడ తన వేతనాన్ని, పలుకుబడిని, స్వంత లాభాన్ని చూచుకొన్నవాడే. ఋషి కాడు. కాని లాభానికి లొంగని ఒక కుతూహలం ఆయనలో ఉండెను. కంపెనీకి చిల్లిగవ్వ ఆదాయం తెచ్చిపెట్టని మొక్కల దగ్గర కూడ ఆయన అంత శ్రద్ధగానే కూర్చున్నాడు. బదనిక అటువంటిది.

ఆ రోజులలో దక్షిణదేశంలో యోహాన్ గెరార్డ్ కోనిగ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడుండేవాడు. మొక్కలకు రెండు మాటల పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరచిన లిన్నేయస్ మహాశయుని స్వయంగా ఆశ్రయించి చదివినవాడు. తరంగంబాడిలో నివసించి, తరువాత కంపెనీ ఉద్యోగంలో చేరినాడు. రాక్స్‌బర్గ్‌కు ఆయన స్నేహితుడు, మార్గదర్శి. 1785లో కోనిగ్ కాకినాడలోని జగన్నాథపురంలో జబ్బుపడి మరణించినాడు. అంతిమ దినాలలో ఆయనకు వైద్యం చేసినవాడు రాక్స్‌బర్గే. తోటి శాస్త్రజ్ఞుడు తన కళ్ళ ఎదుట, పరదేశంలో, పని పూర్తి కాకుండ కన్నుమూయుట ఆయన చూచినాడు. తనకు కూడ అదే గతి పట్టవచ్చునని ఆయనకు తోచకపోయి ఉండదు.

రెండేండ్లు తిరగకముందే పరీక్ష వచ్చినది. 1787 మే నెలలో కోరంగి తీరాన్ని ఘోరమైన తుఫాను తాకినది. సముద్రం పొంగి ఊళ్ళ మీద పడినది. వేలకొలది జనం, పశువులు నశించినవి. ఆ ఉప్పెనలో రాక్స్‌బర్గ్ పుస్తకాలు, ఏండ్ల తరబడి ఎండబెట్టి కూర్చిన మొక్కలు, వ్రాతప్రతులు కొట్టుకొనిపోయినవి. చెన్నపట్నంలో దిగిన నాటి నుండి పదకొండేండ్లుగా చేసిన పనిలో ఎంతో భాగం ఒక్క రోజులో ఉప్పునీటి పాలైనది. ఆయనకు అప్పుడు సుమారు ముప్పది ఆరేండ్లు. స్వదేశానికి తిరిగి పోయి ఎడింబరోలో వైద్యం చేసికొని సుఖంగా బ్రతుకవచ్చును. అట్లు పోలేదు. అవే కొండలకు, అవే చెట్ల దగ్గరకు మళ్ళీ పోయినాడు. మళ్ళీ సేకరించినాడు, మళ్ళీ వ్రాసినాడు. ఈనాడు ఆయన పేరు మీద లోకం ఎరిగినదంతా చాలవరకు ఆ నష్టం తరువాత చేసిన పని.

తరువాత కరవు వచ్చినది. 1789 మొదలు 1792 వరకు సర్కారు జిల్లాలలో వానలు తప్పి జనం ఆకలితో చనిపోయినారు. రాక్స్‌బర్గ్ ఈ కరవును కళ్ళార చూచినాడు. పిఠాపురం రాజుల ఇంట దాచిన పాత వ్రాతల ఆధారంతో, నూరేండ్లకు ముందు కూడ అటువంటి క్షామం కలిగినదని తెలిసికొన్నాడు. కొబ్బరి, పనస, అరటి, తాడి వంటి ఆహారమిచ్చే చెట్లను ఊరూర నాటించవలెనని, వరి ఒక్కదాని మీదనే ఆధారపడరాదని కంపెనీ అధికారులకు వ్రాసినాడు. వర్తకపు మొక్కలకు దొరికిన ఆదరణ ఈ సలహాకు దొరకలేదు. ఐనప్పటికి, చెట్టుకు మనిషికి గల సంబంధాన్ని ఆదాయపు లెక్కలో కాక ప్రాణపు లెక్కలో చూచిన కొద్దిమందిలో ఆయన ఒకడు.

విశాఖపట్నంలో అప్పుడు పాట్రిక్ రస్సెల్ అనే మరియొక వైద్యుడు ఉండేవాడు. మన పాములను గూర్చి గ్రంథం వ్రాసినవాడు ఆయనే. తెలుగు తీరపు మొక్కలను బొమ్మలతో అచ్చువేయించవలెనని ఆయన కంపెనీకి సూచించినాడు. రస్సెల్ 1789లో ఇంగ్లండుకు తిరిగి పోయిన తరువాత కంపెనీ వృక్షశాస్త్రజ్ఞుని పదవి రాక్స్‌బర్గ్‌కు లభించినది. ఆయన పంపిన చిత్రాలనుండి మూడు వందలను రాయల్ సొసైటీ అధ్యక్షుడు సర్ జోసెఫ్ బ్యాంక్స్ ఏరినాడు. కోరమండల్ తీరపు మొక్కలు అనే ఆ మహాగ్రంథం లండనులో 1795లో వెలువడనారంభించి, మూడు సంపుటాలుగా 1820 నాటికి పూర్తి అయినది.

ఆ గ్రంథం పేరుకు తీరపు మొక్కలదే కాని, దానిని తిరగవేసిన భద్రాచలం వాసికి తన అడవి కనిపిస్తుంది. రాజమహేంద్రవరానికి ఎగువన గోదావరి ఒడ్డున పెరిగే టేకును గూర్చిన మాట అందులో ఉన్నది. వేసవిలో కోయ కుటుంబాలు తెల్లవారకముందే పోయి పువ్వు ఏరుకొనే ఇప్పచెట్టు దాని మొదటి సంపుటంలోనే ఉన్నది. బీడీలకు ఆకునిచ్చే తునికి ఉన్నది. తునికికి శాస్త్రజ్ఞులు వాడే నల్లకర్ర అనే అర్థమిచ్చే పేరు రాక్స్‌బర్గ్ పెట్టినదే. జ్వరానికి మందుగా మనవారు బెరడును వాడే సోమిద చెట్టు ఉన్నది. తరువాతి శాస్త్రజ్ఞులు ఆ చెట్టుకు వేరే ప్రజాతిని ఏర్పరచినప్పుడు మన తెలుగు మాటనే తీసికొని సోయ్‌మిడా అన్నారు. లాటిను వేషం వేసికొన్నను అది తెలుగు బిడ్డయే.

ఈ తెలుగు పేర్లు ఆయనకు ఎట్లు తెలిసినవి? అడిగి తెలిసికొన్నాడు. మొక్క వర్ణనతోపాటు తెలుగువారు దానిని ఏమంటారో వ్రాయుట ఆయన నియమం. అడవిలో తిరిగే వాడు, మందులిచ్చే వైద్యుడు, పొలం దున్నే రైతు ఆయనకు గురువులు. బొమ్మలు వ్రాసినవారు కూడ ఈ దేశపు చిత్రకారులే. మొక్కను ఎదుట పెట్టుకొని, పూవు విప్పి, కేసరాలు లెక్కించి, సహజమైన రంగులతో వారు చిత్రించినారు. గ్రంథం పేరుపుట మీద వారి పేర్లకు చోటు దొరకలేదు. రాక్స్‌బర్గ్‌ను తలచుకొన్న ప్రతిసారి పేరులేని ఆ చేతులను కూడ తలచుకొనుట మన ధర్మం.

ఇక మన బదనిక మాట. మొదటి సంపుటంలో ఆర్కిడ్లు కొన్ని ఉన్నవి. వానిలో గళ్ళపూల బదనికకు ఆయన ఎపిడెండ్రమ్ టెస్సెల్లేటమ్ అని పేరు పెట్టినాడు. మొదటి మాట లిన్నేయస్ వాడినది; చెట్టుపై ఉండునది అని అర్థం. రెండవది రాక్స్‌బర్గ్ ఎన్నుకొన్నది. గళ్ళు పరచినట్లుండునది అని అర్థం. ఆ కాలంలో ఐరోపా పండితులు కూడ చెట్లపై పెరిగే ఆర్కిడ్లను పరాన్నభుక్కులనే వ్యవహరించేవారు. మన పల్లెవారి పొరపాటే వారిదీను. చెట్టు మీద కూర్చున్నదంతా చెట్టును తింటుందనుకొనుట ఎంత సులభమో, ఎంతమందికి సహజమో దీనివలన తెలుస్తున్నది.

1820లో రాబర్ట్ బ్రౌన్ అనే శాస్త్రజ్ఞుడు ఈ మొక్క ఆధారంగా ఒక కొత్త ప్రజాతిని ఏర్పరచినాడు. దానికి సంస్కృతంలోని వందా శబ్దాన్ని గ్రహించి వండా అన్నాడు. మొక్కకు రాక్స్‌బర్గ్ పేరు జోడించి గౌరవించినాడు. కాని ముందు పెట్టిన పేరుకే ప్రాధాన్యమనే శాస్త్రనియమం ప్రకారం తరువాతి వారు రాక్స్‌బర్గ్ పెట్టిన పాత విశేషణాన్నే తిరిగి నిలిపినారు. ఈనాడు దాని పేరు వండా టెస్సెల్లేటా. ఆ పేరులోనుండి రాక్స్‌బర్గ్ తొలగినాడు. ఆయన చూచిన గళ్ళు మిగిలినవి. చూచినవాడు పోయి, చూచినది నిలుచుట కంటె శాస్త్రజ్ఞునికి వేరే గౌరవమేమున్నది? వండా జాతి సంకరాలు ఈనాడు ఆసియాలో ఎన్నో తోటలకు అలంకారాలు. వండా మిస్ జోక్విమ్ అని పేరొందిన పువ్వును సింగపూరు 1981లో తన జాతీయ పుష్పంగా ఎన్నుకొన్నది.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా సమీపాన శిబ్‌పూరులోని కంపెనీ తోటకు అధిపతిగా వెళ్ళినాడు. సామర్లకోట తోట కొంతకాలం బెంజమిన్ హైన్ పర్యవేక్షణలో నడచినది. కలకత్తాలో రాక్స్‌బర్గ్ ఇరువది ఏండ్లు పనిచేసినాడు. తోటలోని మొక్కల పట్టికను 1814లో విలియం కేరీ శ్రీరామపురంలో అచ్చువేసినాడు. మొత్తంమీద రాక్స్‌బర్గ్ చిత్రింపజేసిన బొమ్మలు రెండువేల అయిదువందలకు పైబడినవి. ఆయన ఆరోగ్యం మాత్రం క్షీణించుచు వచ్చినది. 1813లో ఈ దేశాన్ని విడిచి ఓడ ఎక్కినాడు. త్రోవలో సెయింట్ హెలీనా ద్వీపంలో ఆగవలసివస్తే అక్కడ కూడ ఊరకుండలేదు. ఆ దీవి మొక్కల పట్టిక తయారుచేసినాడు. 1815లో ఎడింబరోలో మరణించినాడు. గ్రేఫ్రయర్స్ శ్మశానవాటికలో ఆయన సమాధి ఉన్నది. జీవితమంతా కూర్చిన ఫ్లోరా ఇండికా గ్రంథం అచ్చులో చూచుకొనే భాగ్యం ఆయనకు కలుగలేదు. కేరీ శ్రద్ధ వలన 1820లో దాని మొదటి భాగము, 1832లో సంపూర్ణ గ్రంథమును వెలువడినవి.

రాక్స్‌బర్గ్ వంటివారు వర్ణించిన మొక్కలు ఐరోపా ధనికులను ఆకర్షించినవి. ఆర్కిడ్లను ఓడలకెక్కించి తీసికొనిపోయినారు. దారిలో చాలవరకు చచ్చినవి. బ్రతికి చేరినవానిని గాలి చొరని అద్దపు గదులలో, ఆవిరి పొగలలో, చెట్టుబెరడు పొడిలో పాతిపెట్టినారు. ఉష్ణదేశపు మొక్కలన్నిటికి వేడి, తడి, చీకటి కావలెనని వారి ఊహ. అవి కుప్పలుగా చచ్చినవి. నేను నా కుండీలో చేసిన తప్పును వారు వేలకొలది మొక్కల మీద చేసినారన్నమాట. జోసెఫ్ బ్యాంక్స్ పుల్లలతో అల్లిన బుట్టలలో నాచు పరచి ఆర్కిడ్లను వ్రేలాడదీసి కొంత మేలైన ఫలితం పొందినాడు. మొక్క తన స్వస్థలంలో ఎట్లు బ్రతుకుచున్నదో అడిగి తెలిసికొన్న తరువాతనే తోటమాలుల చేతిలో ఆర్కిడ్ నిలిచినది.

దాని విత్తనం కథ మరింత ఆశ్చర్యకరం. ఒక్క కాయలో ధూళి వంటి విత్తనాలు లెక్కకు మించి ఉంటవి. కాని వాటిలో మొలకకు తిండి ఉండదు. ఒక విధమైన బూజు వచ్చి ఆహారం అందిస్తేనే మొలకెత్తుతవి. ఈ రహస్యాన్ని నోయెల్ బెర్నార్డ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1899లో మొదలిడిన పరిశోధనలతో బయటపెట్టినాడు. 1922లో అమెరికాలో లూయిస్ నడ్సన్ పంచదార కలిపిన గడ్డ మీద, బూజు సహాయం లేకుండ గాజుసీసాలలో విత్తనాలను మొలిపించి చూపినాడు. అప్పటినుండి అడవిని దోచకుండ ఆర్కిడ్లను పెంచుట సాధ్యమైనది. ఈనాడు నర్సరీలలో దొరకే మొక్కలు చాలవరకు ఇట్టి ప్రయోగశాలలలో పుట్టినవే.

ఇంటిలో బదనికను పెంచదలచిన విద్యార్థి ఈ కథనుండి నేర్చుకొనవలసినది ఒక్కటే: మొక్కకు మనకు తోచినది కాక, దానికి అలవాటైనది ఇయ్యవలెను. వేళ్ళను మట్టిలో పాతరాదు. సందులుగల కొయ్యబుట్టలో బొగ్గుముక్కలు, పెంకుముక్కలు వేసి మొక్కను నిలుపవచ్చును. లేదా పెరటి మామిడి కొమ్మకు కొబ్బరిపీచుతో సహా మెత్తని నూలుత్రాటితో కట్టవచ్చును. క్రొత్త వేరు బెరడును పట్టుకొన్న తరువాత ఆ త్రాటితో పనిలేదు. ఉదయపు ఎండ తగలవలెను. మధ్యాహ్నపు ఎండకు చాటుండవలెను. వేరు మీద తెల్లని పొర ఉంటుంది. అది స్పాంజివలె నీరు పీల్చుకొంటుంది. తడిసినప్పుడు పచ్చబడి, ఎండినప్పుడు వెండిరంగు పొందుతుంది. కాబట్టి నీరు ఎప్పుడు పోయవలెనో మొక్కయే చెప్పుచున్నది. మన కొత్తగూడెం, ఖమ్మం ప్రాంతాలలో 45 డిగ్రీలు దాటే వేసవి దినాలలో రెండు పూటల తడుపవలెను. చలికాలంలో రెండు మూడు రోజులకొకసారి చాలును. నీరు ఆకుల నడిమి మొవ్వులో నిలిచి ఉండరాదు. వానకాలంలో మిక్కిలి పలుచగా కలిపిన ఎరువునీరు నెలకు రెండుసార్లు చల్లితే సరిపోతుంది. తక్కినది ఓర్పు. చిన్న మొక్క పూయడానికి కొన్నేండ్లు పట్టవచ్చును.

మరియొక నియమం ఉన్నది. నిలిచియున్న అడవి చెట్టు నుండి బదనికను ఊడదీయరాదు. రక్షిత అడవిలో మొక్కను తీయుట నేరం. దేశాల మధ్య ఆర్కిడ్ల వర్తకమంతా అంతర్జాతీయ ఒడంబడిక అదుపులో ఉన్నది. చట్టం మాట అట్లుండగా, బదనిక కూర్చోవడానికి ముసలి చెట్టు కావలెను. నూరేండ్ల ఇప్పను నరికి, దాని స్థానంలో కొన్నేండ్లకొకసారి కొట్టివేసే జామాయిలును నాటినచోట బదనికకు పీట వేసేవారుండరు. పాత మామిడితోపు పోయినప్పుడు మనకు తెలియకుండనే దాని మీది పూలు కూడ పోతవి. నర్సరీ మొక్కను కొనండి; గాలికి కూలిన కొమ్మ మీది మొక్కను కాపాడండి; ముసలి చెట్టును నిలుపండి. ఈ మూడింటిలో మూడవదే ముఖ్యం.

రాక్స్‌బర్గ్ జీవితాన్ని తలచుకొన్నప్పుడు నాకొక ప్రశ్న కలుగుతుంది. ఆయన కూడ మన నేల మీద వాలిన బదనికయే గదా. రెండు బదనికలలో ఏది? ఆయన కొలువు చేసిన కంపెనీ చెట్టులోనికి వేరు గుచ్చి సారం పీల్చినదని చరిత్ర చెప్పుచున్నది. ఆ వేరుకు ఆయన సాయం చేయలేదని అనలేము. కాని సముద్రం సర్వం దోచుకొన్న తరువాత మళ్ళీ అడవికి నడచిపోయిన మనిషి, కోయలు, రైతులు చెప్పే పేర్లను వ్రాసికొన్న మనిషి, లాభం లేని పువ్వులో గళ్ళను లెక్కించిన మనిషి రెండవ జాతికి చెందినవాడని నేననుకొంటాను. ఒక్క మనిషిలో రెండు బదనికలూ ఉండవచ్చును. ఏది ఎక్కడ ముగుస్తుందో, రెండవది ఎక్కడ మొదలవుతుందో చూడగలుగుట చరిత్ర చదివేవారి పని.

కిందటి సంవత్సరం నర్సరీనుండి మరియొక వండాను తెచ్చి మా పెరటి మామిడికి కట్టినాను. ఈసారి మట్టి లేదు, ఎరువు లేదు, నా అతిశ్రద్ధ లేదు. వానలు పడిన తరువాత రెండు వేళ్ళు బెరడును పట్టుకొన్నవి. పువ్వు ఇంకను రాలేదు. తొందరలేదు. తరగతిలో పిల్లలను వెంటబెట్టుకొనిపోయి చూపుతున్నాను. వేరు కొనను చూడమంటున్నాను. పేరు తరువాత చెబుతున్నాను.